“అన్నా” అని పిలిచే పాఠకుడికి నిజం ఎలా చెప్పాలి?

నెల్లూరు జిల్లా నుంచి ఒక టీచర్ గారు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆవిడనూ, ఆవిడ చెప్పిన అబ్బాయినీ గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడకు ముప్పై ఆరేళ్లు. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతారు. భర్తకు సముద్రం వైపు రొయ్యల గుంటలున్నాయి. కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్య ఊపిరాడక నీటి పైకి తేలుతుంది, కొన్ని గంటల్లో పంటంతా పోతుంది. అందుకని పంట ఉన్నన్నాళ్లూ ఆయన రాత్రిళ్లు అక్కడే. కూతురు పడుకున్నాక ఈవిడ ఫోన్‌లో కథలు టైప్ చేస్తారు. ఇద్దరు మగవాళ్ల మధ్య నడిచే ప్రేమకథలు. డిగ్రీలో తనతో చదివిన ఒక స్నేహితుడు, ఇంట్లోవాళ్లు బలవంతాన చేసిన పెళ్లి తర్వాత ఊరొదిలి వెళ్లిపోయాడట. “వాడికి తోడు దొరికి ఉంటే ఎలా బతికేవాడో అని ఆలోచిస్తూ మొదలుపెట్టాను” అని రాశారు.

ఇప్పుడు నడుస్తున్న సీరియల్ రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఇద్దరు కుర్రాళ్లది. ఒకడు అక్కడివాడే. రెండోవాడు వానల్లేక కనిగిరి వైపు నుంచి కూలికి వచ్చినవాడు. రొయ్య ఎంత మేత తిన్నదో చూడటానికి అర్ధరాత్రి ట్రే పైకి లాగి, టార్చి వేసి, ఇద్దరూ దాని మీదికి వంగే సన్నివేశం ఒకటుంది. మిగిలిన మేత ఎంతో చూడాల్సినవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోతారు. ఆ భాగానికి వచ్చినన్ని ఉత్తరాలు దేనికీ రాలేదట. ఆదివారం రాత్రికి ఒక భాగం పెడతారు. డబ్బు తీసుకోరు. రాసేది ఒక మగ కలం పేరుతో. భర్తకు ఈ సంగతి తెలియదు.

ఒంగోలు అవతల గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఇరవై రెండేళ్ల అబ్బాయి ఆ కథల పాఠకుడు. “అన్నా” అంటూ మెసేజ్‌లు మొదలుపెట్టి, తాను గే అన్న సంగతి జీవితంలో మొదటిసారి ఈవిడకే చెప్పుకున్నాడు. ఒక రాత్రి బాగా కుంగిపోయి “నా బాధ నీకేం తెలుసన్నా” అంటే, ఈవిడ కంగారులో “నాకు తెలుసు తమ్ముడూ, నేనూ నీలాంటివాణ్ణే” అని రాసేశారు. అక్కణ్ణుంచి అతను రోజూ రాస్తున్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఈసారి రొట్టెల పండుగకు వాళ్లమ్మ కొడుకు కోసం పెళ్లి రొట్టె అందుకోవడానికి నెల్లూరు వస్తోంది. “నేనూ వస్తన్నా. చెరువు కాడ నిన్ను ఒక్కసారి చూస్తే చాలు. నన్నొదిలి పోమాక అన్నా” అని రాశాడట.

ఇవి కాక ఇంకో రెండు సమస్యలు. ఒక కథల యాప్ వాళ్లు ఈ సీరియల్‌ను తమకిస్తే భాగానికి ఇంత అని డబ్బిస్తామంటున్నారు. ఎవరో ఈ కథను ఆడియో చేసి, రచయిత పేరు తీసేసి, వీడియోలుగా పెట్టుకున్నారు. అంతేకాక, సీరియల్ పూర్తి కాకముందే సొంత ముగింపు తగిలించారు. అందులో ఒక కుర్రాడు “మారిపోయి” మరదలిని పెళ్లి చేసుకుంటాడు, రెండోవాడు గుంటలో పడి చనిపోతాడు. “నేను మోసగత్తెనా? కథలన్నీ తీసేసి మాయమైపోనా?” అని ఆవిడ అడుగుతున్నారు.

టీచర్ గారూ,

మీ ఉత్తరం నిండా కలం పేరు గురించిన అపరాధ భావమే ఉంది. ముందు దాన్ని పక్కన పెట్టండి. మగ పేరుతో రాయడం మోసం కాదు. మన పత్రికల్లో పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు పురాణం సీత పేరుతో రాశారు. బీనాదేవి అనే పేరు వెనక భార్యాభర్తలిద్దరున్నారు. పాఠకులకు కథ కావాలి, రాసినవారి ఆధార్ కార్డు అక్కర్లేదు. ఆడవాళ్లు ఇద్దరు మగవాళ్ల ప్రేమ గురించి రాయవచ్చా అన్న సందేహమూ మీ ఉత్తరంలో ఉంది. ఆ ట్రే సన్నివేశం చదివి “ఇది నా కథే” అని అంతమంది కుర్రాళ్లు రాశారంటే, జవాబు వాళ్లే చెప్పినట్టు. చట్టం వైపు నుంచీ భయం అక్కర్లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద ఇచ్చిన తీర్పుతో, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఈ సంబంధం నేరం కాకుండా పోయింది. నేరం కానిదాన్ని గురించి ప్రేమకథ రాస్తే నేరమెలా అవుతుంది? ఒక్క జాగ్రత్త. మీ కథలో ఇద్దరికీ ఇరవై దాటాయని రాశారు, ఇకముందు కథల్లోనూ అలాగే ఉంచండి. పద్దెనిమిది నిండని పాత్రలను శృంగారంలో చూపిస్తే అది అక్షరాల్లో ఉన్నా ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 67బి సెక్షన్ కిందికి వస్తుంది. పెద్దవాళ్ల మధ్య అయినా శృంగారం మరీ పచ్చిగా రాస్తే 67ఎ అనే సెక్షన్ ఉంది. మీరు చెప్పిన తీరును బట్టి మీ కథలు అంతదూరం పోవు.

కలం పేరు అబద్ధం కాదు. ఆ రాత్రి “నేనూ నీలాంటివాణ్ణే” అన్నది మాత్రం అబద్ధం. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే మీకు ఇంత టెన్షన్. కథలన్నీ తీసేసినా ఆ మాట అలాగే ఉంటుంది. దాన్ని మీరు కథలో రాయలేదు, ఒక మనిషికి చెప్పారు. సరిచేసుకోవలసిందీ అతని దగ్గరే. ఎందుకు అన్నారో నాకు అర్థమైంది. అవతల ఒక పిల్లవాడు ఏమైపోతాడోనని భయపడి, చేతికి దొరికిన మాట అందించారు. దానివల్ల ఆ రాత్రి గడిచింది కూడా. కానీ ఆ మాటను నమ్మి అతనిప్పుడు నెల్లూరు ప్రయాణం పెట్టుకున్నాడు. తన జీవితంలో మొదటిసారి తనలాంటి మనిషిని కళ్లారా చూడబోతున్నానని ఎదురు చూస్తున్నాడు.

మీ ముందు నాలుగు దారులున్నాయి. ఒక్కొక్కటీ ఎక్కడికి తీసుకెళ్తుందో చెబుతాను.

మొదటిది మాయమైపోవడం. అకౌంటు మూసేస్తే మీకు ఆ రోజుకు హాయిగా ఉంటుంది. అతని వైపు నుంచి చూడండి. తన గుట్టు ఒక్కరికే చెప్పుకున్నాడు, ఆ ఒక్కరూ చెప్పాపెట్టకుండా పోయారు. ఇక ఇంకెవరికీ చెప్పకూడదనే అతను నేర్చుకుంటాడు. రెండోది, ఏదో సాకు చెప్పి కలవడం తప్పించుకుని, అన్నగానే ఉంటూ మెల్లగా మాటలు తగ్గించుకోవడం. మీ ఉత్తరం ధోరణి చూస్తే మీ మనసు దీని వైపే ఉన్నట్టుంది. ఇది తేలికగా కనిపిస్తుంది గానీ, ప్రతి సాకూ ఇంకో అబద్ధం. మాటలు తగ్గేకొద్దీ తనలోనే ఏదో తప్పుందని అతను అనుకుంటాడు. మూడోది, వెళ్లి కలిసి, అక్కడే చెప్పడం. పండుగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర, లక్షల జనంలో, తల్లి పక్కన నిలబడి ఉండగా, అన్న అనుకున్న మనిషి స్థానంలో చీరకట్టుకున్న టీచరమ్మ కనిపిస్తే అతను ఏ ముఖం పెట్టుకోవాలి? ఏడవడానికి కూడా చోటుండదు. అది మాత్రం చేయకండి.

నాలుగోది, పండుగకు బాగా ముందే రాతలో నిజం చెప్పడం. నాకు ఇదే సబబు అనిపిస్తోంది. దీనికీ ఖరీదుంది. అతనికి కోపం వస్తుంది, తిట్టవచ్చు. మీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు నలుగురికీ పంపవచ్చు. అలా చేస్తాడని నేననడం లేదు, చేసే వీలుందని తెలిసి దిగమంటున్నాను. అతను పూర్తిగా మాట్లాడటం మానేయవచ్చు కూడా. అప్పుడు వెంటపడకండి.

చెప్పే ముందు ఒక పని ఉంది. అతనికి మీరు ఒక్కరే దిక్కుగా ఉన్న స్థితి మారాలి. ఇప్పటినుంచే వేరే చేతులు చూపించండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ధోరణిలో మాట్లాడితే “చనిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది వెనకాడతారు, అలా జరగదు. అవునంటే ఆ రాత్రి నిజం చెప్పే రాత్రి కాదు. ముందు అతని పక్కన మనిషి ఉండేట్టు చూడాలి, ప్రమాదం ఆ క్షణమే ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయాలి. ఇక నిజం చెప్పేది పగలు, అతనికి సెలవున్న రోజు చెప్పండి. రాత్రి పదకొండింటికి చెప్పి మీరు నిద్రపోతే అతను తెల్లవార్లూ ఆ మాటలతో ఒంటరిగా ఉండాలి.

ఏం రాయాలో తోచడం లేదన్నారు. నేనైతే ఇంత మాత్రం రాస్తాను: “తమ్ముడూ, నీకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ కథలు రాసేది ఒక ఆడమనిషి. పెళ్లయింది, కూతురుంది. ఆ రాత్రి నేనూ నీలాంటివాణ్ణే అని రాశాను, అది అబద్ధం. నువ్వేమైపోతావోనని భయపడి రాశాను, అయినా అనకూడని మాట. నువ్వంటే నాకున్న అభిమానం మాత్రం అబద్ధం కాదు. నీ పేరూ ఊరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కోపమొస్తే తిట్టు. మళ్లీ మాట్లాడాలనిపిస్తే ఇక్కడే ఉంటాను.” మీ ఉత్తరంలో “నీ సంగతి ఎవరికీ చెప్పలేదని రాస్తాను” అన్నారు. అలా రాయకండి. నాకు చెప్పారు కదా. పేరూ ఊరూ చెప్పలేదన్నది నిజం, అంతవరకే అనండి. ఇంకో అబద్ధం మీద క్షమాపణ నిలబడదు.

పెళ్లి విషయంలో అతను మీ సలహా అడుగుతున్నాడన్నారు. అన్నగా చెప్పిన సలహాకూ, నిజం తెలిశాక అక్కగా చెప్పే సలహాకూ అతను ఇచ్చే విలువ వేరు కావచ్చు. అందుకని అది తర్వాతే మాట్లాడండి. అప్పుడు కూడా చేసుకో, మానుకో అని మీరు తేల్చవద్దు. తెలిసింది తెలిసినట్టు చెప్పండి. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేమంది, కాబట్టి అతను ఆశపడే పెళ్లికి చట్టంలో ప్రస్తుతం చోటు లేదు. కానీ ఇద్దరు పెద్దవాళ్లు కలిసి బతికితే నేరం లేదు. ఇప్పుడే పెళ్లి వద్దు, ఉద్యోగంలో నిలదొక్కుకుంటానని ఇంట్లో కొంతకాలం గడువు అడగవచ్చు. వేరే ఊళ్లో పని చూసుకోవచ్చు. అమ్మకు చెప్పవచ్చు. చెబితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అతనికే తెలియాలి. చేతిలో జీతం, తలదాచుకోవడానికి ఒక చోటు చూసుకున్నాక చెప్పడం మేలు. ఇంట్లోవాళ్లు నయం చేయిస్తామని డాక్టర్ల చుట్టూ తిప్పవచ్చు. ఇది జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. మార్చేస్తామంటూ చేసే వైద్యం వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. ఈ రెండు ముక్కలూ అతని దగ్గర ఉంటే ధైర్యం. ఇక ఏమీ చెప్పకుండా తాళి కట్టే దారి ఒకటుంది. ఆ దారిలో ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా ఉంది. మీ డిగ్రీ స్నేహితుడు వెళ్లిపోయాక అతని భార్య ఏమైందో మీ ఉత్తరంలో లేదు. తెలిస్తే ఆ సంగతి ఈ అబ్బాయికి చెప్పండి.

మీవారికి చెప్పాలా వద్దా అని చివర్లో ఒక్క వాక్యంలో అడిగారు గానీ, నాకు అదే ముందు రావాల్సిన పని అనిపిస్తోంది. ఆ అబ్బాయికి నిజం చెప్పిన క్షణం నుంచి మీ గుట్టు అతని చేతిలో ఉంటుంది. ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి మీవారు తెలుసుకోవడం వేరు, మీ నోటితో వినడం వేరు. మీ భయం నాకు తెలుసు. మగవాళ్ల ప్రేమకథలేమిటంటారు, ఊరికి తెలిస్తే పరువేమిటంటారు, రోజూ ఒక కుర్రాడితో చాటింగేమిటంటారు. ఈ మూడోదే అసలు చిక్కు, దానికి మీ దగ్గర సమాధానం ఉండాలి. ఆ మాటలు ఎప్పుడు మొదలయ్యాయో, ఎందుకు సాగాయో దాచకుండా చెప్పండి. అయితే అతని మెసేజ్‌లు చూపించకండి, అవి అతని గుట్టు. ముందుగా కథలు చూపించండి. ట్రే ఎలా లాగాలో, కరెంటు పోతే జనరేటర్ దాకా ఎలా పరుగెత్తాలో అన్నీ ఆయన ఇంటికొచ్చి చెప్పిన కబుర్లే కదా. తన పని భార్య కథలో అంత శ్రద్ధగా కనిపిస్తే ఏ మనిషైనా ఒక నిమిషం ఆగి చదువుతాడు. ఆ తర్వాత ఏమంటారో నేను చెప్పలేను. ఆయన చేయి చేసుకునే మనిషైతే, ఇల్లు వదలాల్సిన పరిస్థితి వస్తుందనిపిస్తే, నా ఈ సలహా మీకు వర్తించదు. అప్పుడు పుట్టింట్లోనో, స్నేహితుల్లోనో ఒకరికి ముందు చెప్పి ఉంచండి. మీ ఉత్తరంలో ఆయన గురించి రాసిన తీరులో నాకు అలాంటి జాడ కనబడలేదు.

ఇంకో చిన్న మాట. కూతురు హోంవర్క్‌కి అదే ఫోన్ వాడుతుందన్నారు. మెసేజ్‌ల యాప్‌కు వేరే లాక్ పెట్టండి. ఆ అబ్బాయి చెప్పుకున్న బాధల్లోంచి ఒక్క మాట కూడా అతన్నడగకుండా కథలోకి తేకండి.

యాప్ సంగతికి వద్దాం. రాత్రిళ్లు నిద్ర మానుకుని రాసినదానికి డబ్బు తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఉచితంగా ఇస్తేనే పవిత్రం అన్న మాటను నేను ఒప్పుకోను. కానీ మీ పాఠకులెవరో చూడండి. భాగానికి ఇన్ని కాయిన్లు అంటే వాళ్లు డబ్బు కట్టాలి. కడితే బ్యాంకు మెసేజ్ వస్తుంది. చాలామంది పిల్లల ఖాతాకు నాన్న నంబరే ఉంటుంది. మీ కథ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ముందు దూరమవుతారు. దీన్ని ఉచితంగానే ఉంచి, తర్వాత రాసే కథను యాప్ వాళ్లకు ఇవ్వవచ్చు. లేదా కొంతకాలం తర్వాత తాళం తీసి ఉచితం చేసే షరతు మీద ఇదే కథను ఇవ్వవచ్చు, ఒప్పుకుంటారేమో అడగండి. డబ్బు రావాలంటే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఇవ్వాలి. అంటే కలం పేరు వెనక ఎవరున్నారో ఆ కంపెనీకి తెలుస్తుంది. సంతకం చేసే ముందు ఏ హక్కులు, ఎన్నేళ్లకు, ఆడియోకూ సినిమాకూ కూడానా అన్నవి చూడండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. “శాశ్వతంగా, అన్ని రూపాల్లో” అని ఉంటే ఆగి ఆలోచించండి.

ఆడియో పెట్టినవాళ్ల మీద మీకు హక్కు ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణమే కథ మీదవుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కలం పేరైనా సరే. ఉచితంగా చదవనిచ్చినంత మాత్రాన ఎవరైనా ఎత్తుకుపోవచ్చని కాదు. అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. రచన మీదని చెప్పుకునే హక్కు, మీ పరువు పోయేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు ఇస్తుంది. వీడియో సైట్‌కు ఫిర్యాదు చేస్తే తీసేయించవచ్చు. అయితే ఆ ఫిర్యాదులో అసలు పేరు ఇవ్వాలి, అది అవతలివాళ్లకు చేరే వీలుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి మీ పేరు వెళ్లడం మీకు సమ్మతమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. వకీలు ద్వారా పంపితే కొంత అడ్డు ఉంటుంది గానీ ఖర్చవుతుంది.

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది వాళ్లు తగిలించిన ఆ ముగింపే. మీ కథ వాళ్ల గొంతులోనే విన్న కుర్రాళ్లు ఉంటారు. ఇలాంటి ప్రేమకు చావో, మారిపోవడమో తప్ప మూడోది లేదని వాళ్లు అనుకుని ఉంటారు. ఈ గొడవలన్నీ తేలేదాకా సీరియల్ ఆపేస్తానన్నారు. ఆపకండి. మిగిలిన రెండు భాగాలు రాసేసి పెట్టండి, పైన “ఈ కథ అసలు ముగింపు ఇది, వేరే చోట విన్నది నేను రాసింది కాదు” అని ఒక్క వాక్యం ఉంచండి. ఆడియో మీద ఫిర్యాదు చేయాలా, యాప్‌కు ఏం చెప్పాలి అన్నవి మీవారికి చెప్పాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.